మామిడాకు చిరిగింది... కత్తి పెట్టలేదు!

అహ్లోన్ (యాంగాన్), మయన్మార్:

"ఆపరేషన్ చెయ్యం. దగ్గరుండి చూస్తూ ఉంటాం" అని డాక్టరమ్మ చెప్పగానే నాకు ఒళ్లు మండిపోయింది. నా ఎనిమిదేళ్ల కొడుకు మంచం మీద పాలిపోయి పడున్నాడు. కడుపులో రక్తం చేరిందని స్కానింగ్‌లో తేలింది. అయినా ఆపరేషన్ లేదట. చూస్తూ ఉంటారట! దేశం కాని దేశం కదా, పరాయివాళ్లం కదా, అందుకే పట్టించుకోవడం లేదనుకున్నాను. డబ్బు కట్టలేననుకుంటున్నారేమో అని కూడా అనిపించింది. నోటికొచ్చినట్టు అరిచాను. పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. ఆ అరిచిన సంగతి, ఆ తర్వాత తెలుసుకున్న సంగతి రెండూ చెబుదామనే ఇది రాస్తున్నాను. ఎందుకంటే రేపు ఇదే మాట మీలో ఎవరికైనా ఫోన్లో వినపడొచ్చు. మన పిల్లలు ఊళ్లో, మనం ఇక్కడ. నిర్ణయం మాత్రం మనల్నే అడుగుతారు.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాను. శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ చదివి, సివిల్ డిప్లొమా చేత పట్టుకుని మొదట విశాఖపట్నం, తర్వాత దుబాయ్, ఇప్పుడు యాంగాన్. అహ్లోన్‌లో నది వైపు, స్ట్రాండ్ రోడ్డుకి దగ్గర్లో ఉంటాను. సైటు సూపర్‌వైజర్ పని. కాంక్రీటు గురించి అడిగితే గంటసేపు మాట్లాడతాను. ప్లీహం ఏ పక్కనుంటుందని అడిగితే మాత్రం మొన్నమొన్నటి దాకా తెల్లమొహం వేసేవాణ్ణే.

భుజం నొప్పి అన్నాడు

2024 వేసవి సెలవులకి మా ఆవిడ, బాబు నా దగ్గరికి వచ్చారు. రెండు నెలలు కలిసి ఉండటం మాకు పెద్ద పండగ. యాంగాన్ నగరంలో మోటారు సైకిళ్లు తిరగనివ్వరు. 2003లో పెట్టిన నిషేధం అది. అందుకని మా సందులో పిల్లలు ధైర్యంగా సైకిళ్లు తొక్కుతారు. మావాడికి బర్మా భాష రాదు, పక్కింటి బర్మా పిల్లాడికి తెలుగు రాదు. ఇద్దరికీ స్నేహం కుదరడానికి ఒక సైకిల్ చాలింది.

మే నెలలో ఒక సాయంత్రం మలుపు దగ్గర సైకిల్ జారింది. హ్యాండిల్ అడ్డం తిరిగి దాని కొస వాడి ఎడమ డొక్కలో గుచ్చుకుంది. రక్తం రాలేదు, చర్మం కూడా తెగలేదు. రూపాయి బిళ్లంత గుండ్రటి ఎర్ర మచ్చ, అంతే. ఆ హ్యాండిల్‌కి రబ్బరు పట్టు ఎప్పుడో ఊడిపోయింది, వట్టి ఇనప గొట్టం మిగిలింది. సైకిల్ వాడిది కాదు కదా, తిడతానని మావాడు ఇంట్లో చెప్పలేదు.

రెండు గంటలయ్యాక అన్నం వద్దన్నాడు. ఎడమ భుజం నొప్పంటున్నాడు. పడ్డాడట అని తెలిసింది కాబట్టి భుజం బెణికిందేమో అనుకుని మా ఆవిడ బామ్ రాసింది. కడుపు గురించి అడగాలని ఇద్దరికీ తోచలేదు. తర్వాత తెలిసింది, ప్లీహం దగ్గర రక్తం చేరి పొట్టకీ ఛాతీకీ మధ్యనున్న డయాఫ్రంని తాకితే నొప్పి ఎడమ భుజంలో తెలుస్తుందట. భుజానికి దెబ్బ లేకుండా భుజం నొప్పి! డాక్టర్లకి ఇది పాత ఆనవాలు. మనకి కొత్త.

కింద వాటాలో ఒక తెలుగు మామ్మ ఉంటుంది. వాళ్ల ముత్తాత కాలంలోనే ఓడెక్కి వచ్చేశారు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి వచ్చేవాళ్లు కాబట్టి రంగూన్‌లో మన తెలుగువాళ్లని కోరంగీలు అనేవాళ్లు. మామ్మ తెలుగు మా నానమ్మ తెలుగులా ఉంటుంది. పిల్లాడు వాంతి చేసుకున్న చప్పుడుకి పైకొచ్చి, వాడి పాదాలు పట్టుకు చూసి, "ఓలమ్మా, కాళ్లు సల్లగైపోతన్నాయి. ఇంక కూకున్నారేటి, టాక్సీ పిలవండి" అంది. ఆ రోజు కరెంటు లేదు, లిఫ్టు లేదు. నాలుగు అంతస్తులు వాణ్ణి ఎత్తుకుని దిగాను. దిగేటప్పుడు వాడి గుండె నా ఛాతీ మీద టకటకా కొట్టుకోవడం తెలుస్తూనే ఉంది.

ఆసుపత్రిలో ముందు నాడి చూశారు, బీపీ చూశారు. సెలైన్ పెట్టి, రక్తం తీసి గ్రూపింగ్‌కి పంపారు. పొట్ట మీద అల్ట్రాసౌండ్, ఆ తర్వాత సీటీ స్కాన్. "స్ప్లీన్ చీలింది, గ్రేడ్ 3" అన్నారు. మా లైన్లో గ్రేడ్ ఎంత ఎక్కువైతే కాంక్రీటు అంత గట్టిది, ఎం 20 కన్నా ఎం 30 మేలు. ఇక్కడ లెక్క తిరగబడింది. గ్రేడ్ 1 అంటే చిన్న గీత లాంటిది, 5 అంటే ముక్కలైపోయింది. 3 అంటే చీలిక లోతు 3 సెంటీమీటర్లు దాటిందని.

అంత చీలిక ఉంటే కుట్టరా, తీసెయ్యరా అని నా గొడవ. ఊళ్లో మావాళ్లకి ఫోన్ చేశాను. మా మావగారు అవతల నుంచి ఒకటే కేకలు. "అల్లుడూ, ఆపరేషన్ సెయ్యకపోతే అక్కడెందుకుంచావు? ఇమానం ఎక్కించీ, ఇశాపట్నం తెచ్చీ. డబ్బు నాన్సూసుకుంటాను" అన్నారు. ఆయన ప్రేమ అది. నేను నిజంగానే కోల్‌కతా మీదుగా టిక్కెట్లు వెతికాను. డాక్టరమ్మతో, "నా కొడుకుని డిశ్చార్జి చెయ్యండి, తీసుకుపోతా" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. కుర్చీ చూపించి, "మీరు ఏం పని చేస్తారు?" అని అడిగింది. చెప్పాను. "స్లాబు పోసిన మర్నాడు దాని మీద లారీ ఎక్కిస్తారా?" అంది ఇంగ్లీషులో. నేనేం మాట్లాడలేదు. "లోపల ఇప్పుడు గడ్డ కట్టి రక్తం ఆగినట్టుంది. అది గట్టిపడాలి. ఈ మూడు రోజులూ ఈ బిడ్డని కదిలించడమే ప్రమాదం. మేము చెయ్యనిది ఆపరేషన్ మాత్రమే, వైద్యం చేస్తూనే ఉన్నాం. అవసరమైతే పది నిమిషాల్లో థియేటర్‌లో ఉంటాడు. రక్తం సిద్ధంగా ఉంది, సర్జన్ సిద్ధంగా ఉన్నారు" అంది.

సరే అన్నాను గానీ నమ్మకం కుదరలేదు. ఆ రాత్రే కుదిరింది.

ఇక్కడ నర్సమ్మలని 'సయామా' అంటారు, టీచరమ్మ అన్నట్టు గౌరవంగా. ఆ సయామా గంట గంటకీ వచ్చింది. నాడి, బీపీ, ఊపిరి, పొట్ట బిగిసిందా మెత్తగా ఉందా, ఒంటేలు పోస్తున్నాడా... అన్నీ చూసి చార్టులో రాసుకుని వెళ్లేది. ఆరు గంటలకోసారి హిమోగ్లోబిన్ పరీక్ష. చేరినప్పుడు 10.8, తర్వాత 9.1. తెల్లవారుజామున నాడి 130 దాటింది. ఇద్దరు డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు. మళ్లీ రక్తం తీశారు. 8.4. నాకు కాళ్లలో సత్తువ పోయింది. మావాడు దాహం, దాహం అంటుంటే గ్లాసుతో నీళ్లు పట్టబోయాను. సయామా గ్లాసు నా చేతిలోంచి లాక్కుంది. ఆపరేషన్‌కి తీసుకెళ్లాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి, లేకపోతే మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అంటే వాళ్లు చివరి నిమిషం దాకా కత్తికి సిద్ధంగానే ఉన్నారు. నేను పట్టించుకోవడం లేదనుకున్నది ఇదీ!

ఫోన్ చేస్తే మా సైటు నుంచి నలుగురు వచ్చి వరండాలో నిలబడ్డారు, రక్తం ఇస్తామని. ఇద్దరు మనవాళ్లు, ఒక ఒడిశా అబ్బాయి, ఒక బర్మా కడ్డీల మేస్త్రి. ఆ మేస్త్రిని ముందు రోజే పనిలో తిట్టాను. తొమ్మిదింటికి మళ్లీ పరీక్ష. 8.5. ఆ తర్వాత అది దిగలేదు. రక్తం ఎక్కించాల్సిన పనే పడలేదు. రక్తం పట్టిక చూసి నేను ఏడవడం అదే మొదటిసారి.

'బల్ల' అంటే ఇదే

మా ఊళ్లో ముసలాళ్లు జ్వరాలు పడ్డ పిల్లాడి పొట్ట తడిమి "కడుపులో బల్ల పెరిగింది" అనేవాళ్లు. ఆ బల్లే ప్లీహం. ఎడమ పక్క, చివరి పక్కటెముకల చాటున, ఎవరి గుప్పిడంత వాళ్లకి ఉంటుంది. బర్మా వాళ్లు దాన్ని 'తయెట్ యువెట్' అంటారు. అర్థం మామ్మ చెప్పింది, మామిడాకు! గుమ్మానికి తోరణం కట్టే మామిడాకు. "నీ కొడుక్కి మావిడాకు సిరిగింది నాయనా, సెట్టు బాగానే ఉంది" అని మా ఆవిణ్ణి నవ్వించింది. ఆ మూడు రోజుల్లో తను నవ్వింది అప్పుడే.

ఈ మామిడాకు పని రక్తాన్ని వడగట్టడం. ముసలి కణాలని ఏరేస్తుంది, రక్తంలోకి చొరబడ్డ సూక్ష్మజీవుల్ని పట్టి చంపుతుంది. దాని గుండా రక్తం ఎప్పుడూ పారుతూ ఉంటుంది కాబట్టి దెబ్బ తగిలితే ధారగా కారుతుంది. పిల్లల్లో దెబ్బ తొందరగా తగులుతుంది కూడా. వాళ్ల పక్కటెముకలు మెత్తన, వంగుతాయి గానీ విరగవు, ఆ విసురు నేరుగా లోపలికి వెళ్తుంది. పైన ఎముక విరగలేదు కదా అని ధైర్యపడటానికి లేదు. అయితే దేవుడు ఇంకో పక్క సర్దాడు. పిల్లల ప్లీహం మీద పొర పెద్దవాళ్లకన్నా మందంగా, సాగే గుణంతో ఉంటుంది, రక్తనాళాలు చురుగ్గా ముడుచుకుంటాయి. అందుకే చాలామందిలో రక్తం దానంతటదే ఆగిపోతుంది.

మలేరియా వచ్చి ప్లీహం పెరిగిన వాళ్ల సంగతి వేరు. వాళ్లకి చిన్న దెబ్బ చాలు. దీని వెనక మన కూలి జనం చరిత్ర ఒకటుంది. 1870లలో ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు ప్లీడరు, చర్చికి బయలుదేరేటప్పుడు బండి దగ్గర లేడని కత్వారూ అనే తన సయీసుని కొట్టాడు. కాసేపటికి అతను చనిపోయాడు. ప్లీహం చిట్లిందని తేలింది. శిక్ష ఎంతో తెలుసా, 30 రూపాయల జరిమానా! వైస్రాయ్ లిట్టన్ ఆ తీర్పుని గట్టిగా ఆక్షేపించాడు, అది పెద్ద గొడవే అయింది. బలహీనమైన ప్లీహాన్ని సాకుగా చూపించి దొరలు తప్పించుకున్న కాలం అది. మనలాంటి పనివాళ్ల ఒంట్లో ఆ అవయవానికి అంత కథ ఉంది. ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఏజెన్సీ ప్రాంతంలోనో, ఇలాంటి మలేరియా దేశంలోనో ఉన్న పిల్లలకి ఈమధ్య జ్వరం వచ్చి ఉంటే, దెబ్బ తగిలినప్పుడు డాక్టరుకి ఆ మాట కూడా చెప్పాలి.

తీసేస్తే పోయేదేమీ లేదనుకున్నారు

మా మావగారు అడిగినట్టు చీలిన ప్లీహాన్ని తీసెయ్యడమే వందేళ్ల కింద అందరి వైద్యం. నోబెల్ బహుమతి అందుకున్న కోఖర్ అనే స్విట్జర్లాండ్ సర్జన్ 1911 నాటి పుస్తకంలో కూడా, గాయపడ్డ ప్లీహాన్ని తీసెయ్యాల్సిందే, తీసేస్తే నష్టం లేదు అన్న అర్థంలోనే రాశాడు. 1919లో అమెరికాలో మోరిస్, బుల్లక్ అనే ఇద్దరు ఎలుకల మీద పరీక్షించి, ప్లీహం తీసేసిన ఎలుకలు ఇన్ఫెక్షన్‌కి తట్టుకోలేకపోతున్నాయని చూపించారు. పెద్దగా ఎవరూ వినలేదు. 1952లో ఇండియానాలో కింగ్, షూమాకర్ అనే సర్జన్లు రక్తజబ్బు వల్ల ప్లీహం తీసేసిన 5గురు పసిపిల్లల కేసులు బయటపెట్టారు. ఆ పిల్లలకి ఆ తర్వాత భయంకరమైన ఇన్ఫెక్షన్లు వచ్చాయి. అప్పటి నుంచి డాక్టర్లకి భయం పట్టుకుంది. ప్లీహం లేనివాళ్లకి కొన్ని రకాల బాక్టీరియా సోకితే పొద్దున జ్వరం, సాయంత్రానికి ప్రాణం మీదికి. అలాంటి ఇన్ఫెక్షన్ ముదిరితే సగం మంది వరకు దక్కరు. ఆ ముప్పు ఎప్పుడో అరుదుగానే వస్తుంది, కానీ జీవితాంతం వెంటే ఉంటుంది. పిల్లల్లో మరీ ఎక్కువ.

తియ్యకుండా వదిలేస్తే ఏమవుతుంది అని మొదట ధైర్యం చేసింది కెనడాలోని టొరాంటో పిల్లల ఆసుపత్రి. 1940ల చివర్లోనే అక్కడి సర్జరీ పెద్ద వాన్స్‌బ్రోకి ఆ ఆలోచన వచ్చింది. పొట్ట కోసి చూస్తే చాలామంది పిల్లల్లో అప్పటికే రక్తం ఆగిపోయి కనపడేది. ఆగిపోయిన దాన్ని ఆపడానికి కోయడం ఎందుకని ఆయన ప్రశ్న. వాళ్లు ఏళ్ల తరబడి అలా గమనిస్తూ పోయారు. ఆ అనుభవాన్ని 1968లో కాగితం మీద పెట్టి లోకానికి చెప్పిన ఇద్దరిలో ఒకాయన సింప్సన్. రెండో ఆయన ఎవరనుకున్నారు? మన దేశం డాక్టరు, పురుషోత్తం ఉపాధ్యాయ!

ఈ పేరు నాకు చెప్పింది ఆ బర్మా డాక్టరమ్మే. "మీ ఇండియా డాక్టరు నేర్పిన వైద్యాన్ని మీరే వద్దంటున్నారు" అని నవ్వింది. నాకు సిగ్గేసింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల సర్జరీ విభాగాన్ని నిలబెట్టిన పెద్దల్లో ఆయన ఒకరు. తలలో నీరు చేరే పిల్లల కోసం చవకగా దొరికే గొట్టం తయారుచేసిందీ ఆయనే, ఉపాధ్యాయ షంట్ అంటారు. కోతుల ప్లీహాలకి గాయం చేసి, అవి వాటంతటవే మానతాయని చూపించిన పరిశోధన కూడా ఆయన బృందానిది. అదీ 1968లోనే అచ్చయింది. టొరాంటోలో చూసింది అదృష్టం కాదు, ప్లీహానికి మానే గుణం ఉంది అని దానితో నిలబడింది.

అయినా మిగతా లోకం వెంటనే ఒప్పుకోలేదు. పిల్లల ప్రాణాలతో ఆటలా అన్నారు, అచ్చం నేను అరిచినట్టే. సీటీ స్కాన్లు వచ్చి, కోయకుండానే లోపల ఎంత చీలిందో కనపడటం మొదలయ్యాక నమ్మకం పెరిగింది. ఇవాళ ప్లీహం గాయంతో వచ్చినా నాడి, బీపీ నిలకడగా ఉన్న పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా కోత లేకుండానే బయటపడుతున్నారు. పెద్దవాళ్లకి కూడా ఇదే పద్ధతి తర్వాత వచ్చింది. పిల్లల దగ్గర నేర్చుకుని పెద్దలకి వాడిన వైద్యం ఇది.

అలాగని అందరికీ కోత అక్కర్లేదనుకోకండి. రక్తం, సెలైన్ ఎక్కించినా బీపీ నిలవకపోతే, పేగు కూడా చిట్లితే, కత్తి తప్పదు, ఆలస్యం చెయ్యకూడదు. ఎంత రక్తం దాకా చూస్తారనేదానికి వాళ్లకో లెక్క ఉంది. మావాడు 22 కిలోలు. ఆ బరువుకి ఒంట్లో మొత్తం రక్తమే లీటరున్నర పైచిలుకు. అందులో సగం మేర ఎక్కించినా ఆగకపోతే ఇంక ఆగేది కాదని అర్థం. ఇంకో సంగతి, పిల్లల్లో బీపీ మోసం చేస్తుంది. చాలా రక్తం పోయేదాకా అది బాగానే కనపడుతుంది, పడిపోతే ఒక్కసారిగా పడిపోతుంది. ముందుగా పెరిగేది నాడి. చేతులు కాళ్లు చల్లబడటం, మొహం పాలిపోవడం, మగతగా ఉండటం కూడా అంతే. మామ్మ పాదాలు పట్టుకు చూసింది అందుకే కాబోలు. ఆవిడకి ఎవరు నేర్పారో.

గ్రేడ్ ఎంతైనా నిర్ణయం మాత్రం పిల్లాడి పరిస్థితిని బట్టే. 2000లో అమెరికా పిల్లల సర్జన్లు గ్రేడ్‌కి ఒక రోజు కలిపి అన్ని రోజులు ఆసుపత్రి, గ్రేడ్‌కి 2 కలిపి అన్ని వారాలు ఆటలు బంద్ అని సూత్రం పెట్టారు. ఆసుపత్రి రోజుల విషయంలో ఇప్పుడు అంత పట్టింపు లేదు. హిమోగ్లోబిన్ నిలబడి, నాడి సరిగ్గా ఉండి, అన్నం తింటుంటే ముందే పంపేస్తారు. మావాణ్ణి ఐదో రోజు పంపారు. ఆటల సూత్రం మాత్రం మా డాక్టరమ్మ గట్టిగా పట్టుకుంది. 3, 2 కలిపితే ఐదు వారాలు. పరుగు, గెంతు, సైకిలు, చెట్టెక్కడం అన్నీ బంద్. నొప్పికి పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి ఇవ్వొద్దంది, అవి రక్తం గడ్డ కట్టడానికి అడ్డం. పొట్టకి నూనె మర్దన, కాపడం అసలే వద్దంది. ఇది విని మా ఆవిడ నావైపు చూసింది. మా అమ్మ అప్పటికే ఫోన్లో ఆముదం పట్టీ చెప్పి ఉంది మరి.

ఫోన్లో మనం ఏం అడగాలి

ఇప్పుడు అసలు మాటకొస్తాను. గల్ఫ్‌లో, మలేషియాలో, సింగపూర్‌లో, ఇక్కడ... మనలో చాలామందికి పిల్లలు తాత, అమ్మమ్మల దగ్గర ఉంటారు. పిల్లాడు మామిడి చెట్టు మీద నుంచి పడ్డాడనో, బండి గుద్దిందనో అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. "డాక్టర్లు ఆపరేషన్ వద్దంటన్నారు, ఏటి సెయ్యమంటావు?" అని అడుగుతారు. మన దగ్గర డబ్బు తప్ప చేతిలో ఏమీ ఉండదు. దాంతోటే ఏదో ఒకటి చేసెయ్యాలనిపిస్తుంది. కార్పొరేట్ ఆసుపత్రికి మార్చెయ్యండి, ఎంతైనా పర్లేదు అంటాం. దూరంగా ఉన్న తండ్రికి ఖర్చు పెట్టడమే ప్రేమ చూపించడం. నేను దగ్గరుండే అలా చేశాను, మీరు దూరంగా ఉండి చెయ్యరా?

కాబట్టి మార్చండి అనేముందు కొన్ని అడగండి. నాడి, బీపీ నిలకడగా ఉన్నాయా? హిమోగ్లోబిన్ ఎంత, మళ్లీ ఎప్పుడు చేస్తారు? ఆ ఆసుపత్రిలో రాత్రి పగలు సర్జన్, థియేటర్, మత్తు డాక్టరు, రక్తం దొరుకుతాయా? గంట గంటకీ చూసే నర్సులున్నారా? వీటికి అవునని జవాబొస్తే అక్కడే ఉంచండి. కోత లేదంటే వైద్యం లేదని కాదు. ఒకవేళ అవి లేని చిన్న నర్సింగ్‌హోం అయితే అక్కడ 'చూస్తూ ఉండటం' ప్రమాదం. అప్పుడు మార్చాలి, అదీ ఆటోలోనో కారులోనో కూర్చోబెట్టి కాదు, 108 అంబులెన్స్‌లో, సెలైన్ పెట్టించి, అవతలి ఆసుపత్రికి ముందే ఫోన్ చేయించి. విశాఖ కేజీహెచ్, హైదరాబాద్ నిలోఫర్ లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో పిల్లల సర్జరీ విభాగాలున్నాయి. పేరున్న ప్రైవేటు భవనం కన్నా పిల్లల సర్జన్ ఉన్నాడా అన్నదే ముఖ్యం.

ఇంట్లోనే పడుకోబెట్టి చూద్దామనే వాళ్లకి మాత్రం ఒకటే మాట. ఈ వైద్యం ఇంట్లో చేసేది కాదు. పొట్టకి దెబ్బ తగిలాక ఎడమ డొక్కలో గానీ, ఎడమ భుజంలో గానీ నొప్పి ఉన్నా, వాంతులైనా, పాలిపోయినా, కళ్లు తిరిగినా ఆసుపత్రికే పరుగు. డిశ్చార్జి అయ్యాక కూడా కొన్ని వారాల దాకా ఇవే గుర్తులు చూసుకోవాలి. అరుదుగా ఆలస్యంగా కూడా రక్తం కారుతుంది.

ఎవరి బిడ్డకైనా ప్లీహం తీసెయ్యాల్సే వచ్చిందనుకోండి, కుంగిపోవద్దు. వాళ్లూ చదువుకుంటారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. న్యూమోకాకస్, మెనింజోకాకస్, హిబ్ టీకాలు వేయించాలి. డాక్టరు చెప్పినన్నాళ్లు పెన్సిలిన్ వాడాలి. జ్వరం వస్తే రేపు చూద్దాం అనకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. బడిలో టీచర్లకి చెప్పి ఉంచాలి. ఈ మాటలు అమ్మమ్మకి నోటితో చెప్తే సరిపోదు, కాగితం మీద రాసి గోడకి అంటించమనండి.

మావాడు జూన్‌లో ఊరికి వెళ్లిపోయాడు. బడి తెరిచేది 13న, ఐదు వారాలు పూర్తయ్యేది ఆ తర్వాత. పీటీ మాస్టారికి చీటీ రాసిచ్చి పంపాను. అయినా రోజూ ఫోన్లో ఒకటే ప్రశ్న, "నాన్నా, ఇంకెన్ని రోజులు?" లెక్క తప్పు చెప్తే వాళ్లమ్మ దగ్గర గోడ క్యాలెండర్ చూసొచ్చి దిద్దేవాడు. ఐదో వారం దాటాక స్కానింగ్ కావాలని మా మావగారు పట్టుబట్టారు. పిల్లాడు బాగానే ఉంటే మళ్లీ స్కాన్ అవసరం లేదని అక్కడి డాక్టరు చెప్పాడట. ఈసారి ఆయన అరవలేదు. "అక్కడ బర్మావోళ్లూ ఇలగే అన్నారు" అని ఇంటికి తీసుకొచ్చేశారు.

సైటులో పైకి పొడుచుకొచ్చిన కడ్డీల కొసలకి ప్లాస్టిక్ టోపీలు పెడతాం, ఎవరైనా పడితే గుచ్చుకోకుండా. పక్కింటి పిల్లాడి సైకిల్ హ్యాండిల్‌కి రెండు వైపులా అవి సరిగ్గా పట్టలేదు. బజారుకి వెళ్లి రబ్బరు పట్లు కొని, కొసలు మూసుకునేలా బిగించి ఇచ్చాను. వాడు నాకు బర్మాలో ఏదో చెప్పాడు. మామ్మని అడిగితే, మీవాడు మళ్లీ ఎప్పుడొస్తాడు అని అడుగుతున్నాడంది. వేసవికి అని చెప్పమన్నాను.